ఎల్లారెడ్డికి చేరని కబురు

అనిలకు తప్పులు కూడా పద్ధతిగా ఉండాలి. కామారెడ్డిలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని ఆమెది. ఎల్లారెడ్డి పాల సెంటర్ కోసం టైప్‌స్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో ఒక ఎర్రర్ క్లాస్, అంటే లోపాలను పట్టి కబురు పంపే కోడ్, రాసింది. యంత్రంలో ఏ లోపం వచ్చినా దానికో గుర్తు ఉంటుంది. ఆ గుర్తు సరైనదైతేనే ఎర్రర్ తయారై, కాపలా ఉండే వెంకటి ఫోన్ మోగిస్తుంది. ముందే రాసిపెట్టని గుర్తు వస్తే క్లాస్ గుమ్మంలోనే ఆపేస్తుంది. "ఏది పడితే అది రానిస్తే ఎట్ల?" అని అనిల మురిసిపోయేది. ఆఫీసులో కూర్చుని మురిసిపోవడానికేం!

నిన్న మధ్యాహ్నం ఎల్లారెడ్డిలో కరెంటు పోయింది. కొత్తగా తెచ్చిన జనరేటర్ మొరాయించింది. కరెంటు లేక పాలను చల్లగా ఉంచే ట్యాంకూ, దాని సెన్సర్లన్నీ ఆగిపోయాయి. కబురు పంపగలిగింది బ్యాటరీ ఉన్న ఆ జనరేటర్ ఒక్కటే. పాపం, పంపింది కూడా. దాని గుర్తును అనిల క్లాస్ ఎరగదు, వెనక్కి నెట్టేసింది. జనరేటర్ నడుస్తోందిలే అనుకుని అన్నానికి ఇంటికి వెళ్లిన వెంకటి జేబులో ఫోన్ మోగలేదు. సాయంత్రానికి ఊరందరి పాలు విరిగిపోయాయి.

పొద్దున్నే సెంటర్ మేనేజర్ కృష్ణమోహన్ ఫోన్ చేశాడు.

"ఫోన్ మోగలేదంటడు వెంకటి, మేడం. తాగి పన్నడు గావచ్చు. ఇయ్యాల తీసేస్తున్నం."

అనిల కంప్యూటర్ తెరిచి చూసింది. "ఈ గుర్తు చెల్లదు" అన్న తన వాక్యమే ఎదురుగా కనబడింది. తెలియని గుర్తు వచ్చినా ముందు కబురు పోయేలా క్లాస్ మార్చి, దొరికిన బస్సెక్కింది.

సెంటర్ ముందు ఆడవాళ్లు ఖాళీ క్యాన్లతో నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దవ్వ వెంకటిని నోటికొచ్చినట్టు తిడుతోంది. అతను గేటు పక్కన తల వంచుకుని కూర్చున్నాడు.

"ఫోన్ నిజంగానే మోగలేదు సర్. తప్పు నేను రాసినదాంట్ల ఉంది," అంది అనిల అందరికీ వినబడేలా.

"అట్లనా! మెషిన్లన్నంక గిట్ల అయితుంటది తియ్యి," అన్నాడు కృష్ణమోహన్. పెద్దవ్వ తిట్టడం ఆపి క్యాన్ చంకనెత్తుకుంది. వెంకటిని లోపలికి రమ్మన్నారు.

అతను సంతోషపడతాడనుకుంది అనిల. వెంకటి లేచి, లుంగీకి అంటిన దుమ్ము దులుపుకుని ఆమె వైపు చూశాడు.

"నిన్నటిసంది నేను గూడ గదే చెప్పిన గద మేడం," అన్నాడు.