పసుపు దారం లేని కేబుల్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మొన్న లేదు, ఇవాళ లేదు, ఇది రాసి ముగించాక కూడా ఉండదు. ఈ ఎడారి దేశంలో, మంగఫ్‌లో మా రూమ్‌లో ఆరుగురం ఉంటాం. శుక్రవారం వచ్చిందంటే ఎవరో ఒకరు ఊళ్ళో చూసిన దయ్యం కథ మొదలుపెడతారు. నేను లేచి వెళ్ళి బట్టలు ఉతుక్కుంటాను. అలాంటి నేనే ఇది రాయడానికి ఒకటే కారణం. మా రూమ్‌వాళ్ళకు వదిలేస్తే ఈపాటికి ఇందులోకి ఒక తెల్లచీర కూడా వచ్చి చేరేది.

నాది జగిత్యాల జిల్లా. సులైబియాలో ఒక కోల్డ్ స్టోరేజీలో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. చల్లటి గదుల్లో మాంసం, చేపలు, ఐస్‌క్రీం దాస్తారు. ఏ తలుపు ఎప్పుడు తెరిచారు, కంప్రెసర్ ఎప్పుడు ఆగింది, అలారం ఎప్పుడు మోగింది, దాన్ని ఎక్కణ్ణుంచి ఆపారు, ఇవన్నీ కంట్రోల్ రూమ్‌లో ఉండే ఒక పాత యూనిక్స్ కంప్యూటర్ రాసి పెట్టుకునేది. దానికి నెట్‌వర్క్ కార్డు లేదు. ఫ్లాపీ, టేపు రెండూ పాడైపోయాయి. ముసలిదే గానీ ఒక్కరోజు కూడా పని ఎగ్గొట్టలేదు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం చేపల గది వేడెక్కి సరుకంతా పాడైంది. ఆ పూట డ్యూటీలో ఉన్నది లచ్చన్న. నిజామాబాద్ వైపు మనిషి, నాకంటే పెద్దవాడు, ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళు. అలారం మోగుతుంటే నిద్రపోయాడని మా ముదీర్, అంటే మేనేజర్, తేల్చేశాడు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్, రద్దు చేసి ఇంటికి పంపాలన్నాడు.

అలారం అసలు మోగనే లేదని లచ్చన్న మొత్తుకున్నాడు. నేను కంప్యూటర్ తెర మీద చూశాను. అలారం మోగిన సెకనుకే ఆగిపోయింది. ఆపింది లచ్చన్న దగ్గరి బటన్ కాదు, ముదీర్ గదిలోని టెర్మినల్. ఫోన్‌తో ఫోటో తీసి తీసుకెళ్తే ఆయన నవ్వాడు. తెర మీద ఎవరైనా ఏమైనా టైప్ చేయొచ్చట.

"ఫైల్ లావో. పూరా ఫైల్. హెడ్డాఫీసు ఇంజనీర్ దేఖేగా. నై తో ఖలాస్" అన్నాడు.

ఆయన ధైర్యం ఎందుకో నాకు తెలుసు. ఆ మెషీన్‌లోంచి ఫైలు బయటికి తీయడానికి దారి లేదు. పైగా మర్నాడు మూడింటికి లారీ వచ్చి దాన్ని తుక్కుకి తీసుకెళ్తుంది. పన్నెండింటికి కంపెనీ కాగితాలు చూసే మందూబ్ వచ్చి లచ్చన్నను ఇఖామా రద్దుకు తీసుకెళ్తాడు.

దారి ఒకటుంది. మెషీన్ వెనక సీరియల్ పోర్టు బాగానే ఉంది. ఆ తీగ మీద ఇంటర్నెట్ మాటలు పంపే పాత పద్ధతి ఒకటుంది, స్లిప్ అంటారు. ఒక చివర యూనిక్స్, ఇంకో చివర నా ల్యాప్‌టాప్, మధ్యలో కేబుల్. నేనెప్పుడూ చేయలేదు. అయినా ముదీర్ నవ్వు గుర్తొస్తే ఒళ్ళు మండింది. చేసి తీరాలనుకున్నాను.

పొద్దున ఏడున్నరకి కూర్చున్నాను. లచ్చన్న తన బ్యాగు పక్కన పెట్టుకుని, పాల డబ్బాల క్రేటు బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

ఇక్కడ నాకంటే ముందు పనిచేసిన రాజమల్లు గురించి చెప్పాలి. కరీంనగర్ మనిషి. మూడేళ్ళ కిందట డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు. ఎవరికీ పని అప్పగించకుండానే పోయాడు. ఆయన చేత్తో చేసిన కేబుళ్ళు ఒక పెట్టె నిండా ఉన్నాయి. నేను చేరిన మొదటి వారం చూస్తే వాటిలో కొన్నింటికి పసుపు దారం కట్టి ఉంది. దిష్టి దారాలనుకున్నాను. ఇది కంట్రోల్ రూమా, గుడా అని తిట్టుకుంటూ అన్నిటినీ కత్తెరతో కోసి చెత్తబుట్టలో పడేశాను. ఆ రోజు నా మీద నాకు భలే గర్వంగా ఉండింది.

ఆ పెట్టెలోంచే ఒక కేబుల్ తీసి తగిలించాను. రెండు వైపులా వేగం ఒకటే పెట్టాను. రెండు చివర్లకూ అడ్రసులిచ్చాను. పింగ్ కొట్టాను. పింగ్ అంటే, ఉన్నావా అని సెకనుకోసారి పిలవడం. అవతలి మెషీన్ ఉంటే, ఉన్నానంటుంది.

జవాబు లేదు.

వేగం తగ్గించాను. పోర్టు మార్చాను. అడ్రసులు చెరిపి మళ్ళీ ఇచ్చాను. రెండు మెషీన్లనూ ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. పదకొండు దాటింది. ఏసీ నడుస్తున్నా చొక్కా తడిసిపోయింది.

"రాజమల్లన్న ఉంటే చిటికెల చేసేటోడు" అన్నాడు లచ్చన్న.

నాకు కోపం నషాళానికి ఎక్కింది. "సచ్చినోళ్ళు ఏం జెయ్యరు లచ్చన్నా. బతికున్నోళ్ళమే చెయ్యాలె."

అతను బాధపడలేదు. "నిజమే తమ్మీ. పోతే పోత. గని నిద్రవోయిండన్న పేరుతోటి పోను. గది నీకెరుకుంటే సాలు."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. అతను చూడకుండా కుర్చీ వెనక్కి జరిపి, లేచి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. పింగ్‌ని ఆపడం మర్చిపోయాను. అది పిలుస్తూనే ఉంది.

"తమ్మీ, ఇదేందో ఉరుకుతున్నది" అన్నాడు లచ్చన్న.

తెర మీద జవాబులు వస్తున్నాయి. ఒకదాని కింద ఒకటి, సెకనుకొకటి. మొదటి జవాబు ఆరువందల పన్నెండో పిలుపుకి వచ్చింది. అంటే పది నిమిషాలకు పైగా మౌనం, ఆ తర్వాత ఒక్కటి కూడా తప్పకుండా జవాబు. ఆ పది నిమిషాల్లో నేను కీబోర్డు ముట్టలేదు. కేబుల్ ముట్టలేదు. లచ్చన్న క్రేటు మీదినుంచి లేవలేదు.

కారణం వెతికే టైం కాదది. ఫైలు లాగడం మొదలుపెట్టాను. పన్నెండు లక్షల బైట్లు. ఆ తీగ మీద ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. పన్నెండుకి పది నిమిషాల ముందే మందూబ్ తలుపు దగ్గరికొచ్చి "యల్లా, యల్లా" అని తొందరపెట్టాడు. లచ్చన్న బ్యాగు భుజానికెత్తుకుని నిలబడ్డాడు. నేను తలుపుకి అడ్డంగా నిలబడి, ఇది పూర్తయ్యేదాకా ఈ మనిషి కదలడని చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒక మందూబ్ మీద గొంతు పెంచాను. ఆయన బిత్తరపోయి కుర్చీలో కూర్చున్నాడు.

ఫైలు వచ్చింది. సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి ఒక లెక్క ఉంటుంది, రెండు వైపులా ఒకే అంకె రావాలి. వచ్చింది. అక్కడికక్కడే హెడ్డాఫీసుకి పంపించాను. ముదీర్‌కి ఒక కాపీ పెట్టడం మర్చిపోలేదు. అరగంటలో హెడ్డాఫీసు నుంచి మందూబ్‌కి ఫోనొచ్చింది. లచ్చన్నను వదిలేసి మందూబ్ ఒక్కడే వెళ్ళిపోయాడు.

మిగతాది భోజనం తర్వాత. లారీ రాకముందే సామాను సర్దుతూ ఆ కేబుల్ ఊడదీసి చుట్టాను. లచ్చన్న దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి పసుపు దారం లేదేంది తమ్మీ? రాజమల్లన్న తీగలు మార్చి జేసినయాటికే పసుపు దారం కట్టేటోడు గద. ఆయన కడుతుంటే ఆ చివర ఎన్నిసార్లు నేనే పట్టుకున్న."

కేబుల్ అతని చేతిలోంచి లాక్కున్నాను. సీరియల్ కేబుళ్ళు రెండు రకాలు. రెండు కంప్యూటర్లను కలపాలంటే లోపలి తీగలు మార్చి కట్టాలి, ఒకరి నోరు ఇంకొకరి చెవి దగ్గరికి రావాలి కదా. మార్చకుండా తిన్నగా ఉన్నది మోడెమ్‌కి పనికొస్తుంది. రెండు కంప్యూటర్ల మధ్య పెడితే నోటికెదురుగా నోరు, చెవికెదురుగా చెవి. ఎంత అరిచినా వినపడదు. దిష్టి దారమని నేను కోసేసింది రాజమల్లు పెట్టుకున్న గుర్తు. మూఢనమ్మకం ఆయనది కాదు, నాది.

ఏ తీగ ఎక్కడికి పోతోందో మీటర్ పెట్టి చూశాను. తిన్నగా ఉన్న కేబులే. నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ అదే. మళ్ళీ తగిలించి పింగ్ కొట్టాను. గంటసేపు ఒక్క జవాబు లేదు. పెట్టెలోంచి మార్చి కట్టిన కేబుల్ మీటర్‌తో వెతికి పెడితే మొదటి పిలుపుకే పలికింది. మూడింటికి లారీ వచ్చి మెషీన్‌ని తీసుకెళ్ళిపోయింది.

తెలిసినవాళ్ళు చాలా చెప్పారు. నా ల్యాప్‌టాప్ తనకు తానే జవాబిచ్చుకుందని ఒకడన్నాడు. మరి నా ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ లేని ఫైలు ఎక్కణ్ణుంచి వచ్చింది? తీగలను తనే మార్చి కలుపుకునే తెలివి కనెక్టర్‌లో ఉందేమోనని ఇంకొకడన్నాడు. విప్పి చూశాను, అలాంటిదేమీ లేదు. ఉంటే గంటసేపు మళ్ళీ ఎందుకు పలకలేదు? పొరపాటున వేరే కేబుల్ పెట్టుంటావని మూడోవాడు. పెట్టెలోంచి బయటికి తీసింది అదొక్కటే. దాన్ని ఊడదీసింది నేను, పట్టుకుని చూసింది లచ్చన్న.

లచ్చన్న ఇప్పటికీ ఇక్కడే పనిచేస్తున్నాడు. ముదీర్ కూడా ఉన్నాడు, నాతో మాట్లాడడు, నాకూ ఆ ముచ్చట లేదు. మా రూమ్‌లో ఆరుగురిలో అయిదుగురు అది రాజమల్లు పనేనంటారు. నేను ఒప్పుకోను. చచ్చినవాళ్ళు ఏమీ చెయ్యరు. ఆ రోజు లచ్చన్న ముఖమ్మీదే ఆ మాటన్నాను, ఇవాళ మీ ముందూ అంటున్నాను. అయితే ఆ ఫైలు ఎలా వచ్చిందని అడిగితే మాత్రం లేచి వెళ్ళి బట్టలు ఉతుక్కుంటాను.

ఆ తర్వాత పెట్టె ముందేసుకుని అన్ని కేబుళ్ళకూ మీటర్ పెట్టి, మార్చి కట్టినవాటికి మళ్ళీ పసుపు దారాలు కట్టాను. లచ్చన్న ఆ చివర పట్టుకున్నాడు. అన్నీ అయ్యాక ఆ ఒక్క కేబుల్ మిగిలింది. లచ్చన్న కట్టమంటాడు. మీటర్ వద్దంటుంది. అది ఇంకా నా టేబుల్ మీదే ఉంది, పక్కన ఒక దారం ముక్క కోసి పెట్టి ఉంది.