కుక్క ఎక్కని బండి

నెవిల్ బ్రాకెన్ తన జీవితంలో పెద్ద తప్పులు చేసినవాడు కాడు. పెద్ద తప్పు చేయడానికి కొంత ఊహాశక్తి కావాలి; భగవంతుడు అతనికి దానిని ప్రసాదించలేదు. తాత వేసిన సైప్రస్ చెట్ల వరుస వెనుక పుట్టాడు. తండ్రి కట్టిన కొట్టంలో గొర్రెల ఉన్ని కత్తిరించడం నేర్చాడు. పక్క లోయలోని లొరెయిన్‌ను పెండ్లాడాడు. తెల్లవారితే గొర్రెలు, ప్రొద్దుగూకితే గొర్రెలు. శనివారమైతే మా ఊరు బరాంబీ ఫుట్‌బాల్ మైదానం కంచెకు తన తెల్ల యూట్ బండి ముక్కు ఆనించి కూర్చుని, మావాళ్ళు గోల్ కొట్టినప్పుడు హారన్ మోగించేవాడు. ఎదుటివాళ్ళు కొట్టినప్పుడు టీ త్రాగేవాడు. ఇంతకు మించిన ఆవేశం అతనిలో ఎవరూ చూడలేదు.

ఆ యూట్‌ను గురించి చెప్పకుండా అతనిని గురించి చెప్పడం కుదరదు. ముందు ఇద్దరు కూర్చునే ఇరుకు గది, వెనుక మోకాళ్ళకు కొంచెం ఎగువగా నిలిచే వట్టి బల్ల. బండి అంటే అంతే. కుంటిగొర్రెను ఒక్కడే ఎత్తి ఆ బల్లమీద పడుకోబెట్టవచ్చు. గడ్డిమోపులు వేసేటప్పుడు నడుమును బతిమాలుకోనక్కరలేదు. ఆ బల్లమీద, ఎడమ మూలన, టాస్ ఉండేది. టాస్ ఎర్రని కెల్పీ జాతి కుక్క. గొర్రెలను మళ్ళించడంలో దానికి సాటి మా జిల్లాలో లేదు. కదిలే బండిమీద నిలిచి, గాలికి చెవులు వెనక్కి వాల్చి, దిగంతం వరకు పరచుకున్న గొర్రెలన్నీ తనవే అన్నట్టు చూసేది. నెవిల్ దృష్టిలో ఆ కుక్క అతనిది. కుక్క దృష్టిలో ఆ బండి తనది. నెవిల్ దానిని నడిపే మనిషి.

అప్పట్లో మా అందరివీ అటువంటి బండ్లే. తరువాత ఏ గ్రహం పట్టిందో, యూట్లకు ఒళ్ళు రావడం మొదలైంది. పేర్లు మారలేదు, ఒళ్ళు మాత్రం మారింది. మొదట నడుము లావెక్కింది. పిమ్మట వెనుక ఇంకొక వరుస సీట్లు వచ్చాయి, ఆ సీట్లు వచ్చినంత మేర సరుకు పెట్టే చోటు కుదించుకుపోయింది. మిగిలిన చోటుకు గోడలు లేచి అది లోతైన తొట్టి అయింది. దానిమీద ఒక మూత వెలిసింది. ముందుభాగం మనిషి ఛాతీ వరకు పెరిగి, ఎదురుగా వచ్చేవానిని బెదిరించడం తప్ప మరొక ప్రయోజనం లేని ఇనుప పండ్లు తొడుక్కున్నది. కష్టం చేయడానికి పుట్టిన బండి పెండ్లికొడుకై పీటలమీద కూర్చున్నది. అందులో తిరిగేవారిలో సగం మంది ఒక్క గొర్రెనైనా ఎత్తి ఎరుగరు. బ్రెడ్డు, పాలు కొనడానికి అంత ఎత్తు నుండి దిగి, కొని, మరల అంత ఎత్తుకూ ఎక్కిపోతారు. ప్రధాన వీథిలో ఏటవాలుగా నిలిపినప్పుడు వాటి పిరుదులు నడివీథిలోకి వస్తాయి. సిగ్గు మాత్రం రాదు.

పశువుల సంతలో ఆ ఎత్తు బండ్ల మనుషులే నెవిల్‌కు తగులుకున్నారు. కిటికీమీద మోచేయి ఆనించి, క్రిందికి చూసి, “ఏరా నెవ్, ఆ బొమ్మబండికి కీ ఇస్తావా, తోస్తావా?” అని ఒకడు. “గట్టిగా తుమ్మకండిరా, ఎగిరిపోద్ది!” అని ఇంకొకడు. మూతి ముడుచుకుని ఇంటికి వచ్చిన నెవిల్, ఆ ఏటి శీతకాలానికి ముందు పట్నం వెళ్ళి షోరూంలో నిలబడ్డాడు.

“ఇద్దరు కూర్చునే చిన్నది ఉందా?” అని అడిగాడు.

“అయ్యో, అవి రావట్లేదన్నా. ఎవరూ అడగట్లేదు,” అన్నాడు అమ్మేవాడు.

“నేనడుగుతున్నా కదా?”

“నువ్వొక్కడివేగా అన్నా! ఒకసారి ఇందులో ఎక్కి కూర్చో. కూర్చుంటే పోయేదేముంది?”

నెవిల్ ఎక్కి కూర్చున్నాడు. చిన్నబండిని అతడు అడిగినది ఆ ఒక్కసారే. రెండవసారి అడిగే వెన్నెముక ఉన్నట్లయితే ఈ కథకు పనిలేకపోయేది.

పాత యూట్ అమ్మడానికి మాలో ఒక పద్ధతి ఉంది. కాగితాల సంగతి తరువాత, ముందు మాట. అమ్మేవాడు “మీద ఉన్నదంతా కలిపి” అంటాడు. కొనేవాడు బల్లమీద అరచేత చరుస్తాడు. త్రాడు, గొలుసు, జాకీ, పలుగు, ఆ క్షణాన బల్లమీద ఏది ఉంటే అది బండితో పోతుంది. అమ్మిన పిమ్మట ‘అది తిరిగి ఇవ్వు’ అన్నవానిని మావాళ్ళు బ్రతికినంతకాలం జ్ఞాపకం పెట్టుకుంటారు.

కొన్నది గ్లెనిస్ పిట్‌మన్. మూడు పొలాల అవతల ఒంటరిగా గొర్రెలు పెంచుకునే విధవరాలు. మోకాళ్ళు అరిగినవి గాని నోరు అరగలేదు.

“మీద ఉన్నదంతా కలిపి, గ్లెనిస్,” అన్నాడు నెవిల్, కొత్తబండి తలుపు తుడుచుకుంటూ.

“అంతానా?”

“అంతా. ఆ తుప్పు గొలుసు కూడా నీదే, పండగ చేసుకో.”

ఆమె బల్ల చరిచింది. చప్పుడుకు దాని ఎడమ మూలన పడుకున్న టాస్ ఒక కన్ను తెరిచి, మూసింది.

నెవిల్ దానిని క్రిందికి పిలిచి, తెల్ల యూట్ కదిలిపోగా, కొత్తదాని వెనుక తలుపు దించాడు. టాస్ దూకలేదని కాదు, అది కంచెలు దూకే కుక్క. ఒక్క దూకులో తొట్టిలోకి వెళ్ళింది. నున్నని అడుగుమీద గోళ్ళు పట్టు దొరకక ఆ చివరి వరకు జారింది. లేచి నిలబడి చూసింది. నలువైపులా నల్లని గోడ. గొర్రెలు లేవు, గాలి లేదు, లోకమే లేదు. క్రిందికి దిగి, వెనుక చక్రం దగ్గర కాలెత్తి తన అభిప్రాయం వ్రాసి, గేటు వైపు నడిచింది. లోపలి తోలుసీటుమీద ఎక్కించి చూశాడు. సీటుమీద కక్కింది.

“ఇది మనింటికొచ్చిందా, మన ఇంటిని తీసుకుపోవడానికొచ్చిందా?” అన్నది లొరెయిన్, బండిని చుట్టి రావడం పూర్తయిన తరువాత. ఆమె మాట దాదాపు నిజమయింది. పాత యూట్ నిద్రించిన కొట్టంలో అది పట్టలేదు. బయట చెట్టుక్రింద నిలిపితే తెల్ల కాకటూ చిలుకలు గుంపుగా వ్రాలి, అద్దాల చుట్టూ ఉన్న రబ్బరును చెరకు నమిలినట్టు నమిలాయి. ఊళ్ళో దొరలా తిరుగుతున్నాననుకున్న మనిషి ఇంటివద్ద చిలుకలమీద బూట్లు విసురుతూ కాలం గడిపాడు.

టాస్ మాత్రం ప్రతి ఉదయం మాయమయ్యేది. వెదకబోతే గ్లెనిస్ కొట్టంలో, తెల్ల యూట్ బల్లమీద, ఎడమ మూలన. నెవిల్ మెడపట్టీ పట్టుకుని తీసుకురావడం, అది మరల వెళ్ళడం. కొన్నాళ్ళకు మా ఊళ్ళో “నెవ్, నీ కుక్క ఎలా ఉందట?” అని పలకరించడం మర్యాద అయింది.

ఇంతలో ఉన్ని కత్తిరించేవారి జట్టు వచ్చే రోజు దగ్గరపడింది. వారి లెక్క అందరికీ తెలిసినదే. తడిసిన గొర్రెను వారు ముట్టరు. ముందునాటి సాయంకాలానికే మంద కొట్టం కప్పుక్రింద పొడిగా ఉండాలి. లేకుంటే జట్టు తరువాతి పొలానికి వెళ్ళిపోతుంది, మరల ఎప్పుడు వస్తుందో చెప్పదు. ఆలస్యమైతే నెవిల్ గొర్రెలు ఈనడానికి వస్తాయి. నిండుచూలు గొర్రెలను కత్తిరించకూడదు. అంటే ఏడాది ఉన్ని అంతా గాలికి. జట్టు మరునాడు వస్తుందనగా ఆ మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. మంద చివరి పొలంలో ఉంది. కుక్క గ్లెనిస్ ఇంట్లో ఉంది.

కుక్కకోసం వెళ్ళి నవ్వులపాలు కావడమెందుకని నెవిల్ పెద్దబండితోనే మందను తోలబోయాడు. హారన్ మోగించాడు. గొర్రెలు నాలుగు దిక్కులకూ చెదిరాయి. వాటిని చుట్టబోయి, పాత యూట్ ఎన్నో శీతకాలాలు అవలీలగా దాటిన చిత్తడినేలలోకి ఆ ఇనుప దేవాలయాన్ని దించాడు. అది తన బరువుకు తానే మ్రొక్కుతూ ఇరుసుల వరకు కూరుకుపోయింది. ఆ పల్లంలో ఫోను పలకదు. ఎత్తునుండి బురదలోకి దూకి, మూడు పొలాలు నడిచాడు.

గ్లెనిస్ కొట్టం ముందు కూర్చుని గిట్టలు గీసే కత్తి నూరుతున్నది. “ఏవయ్యా నెవ్, నడిచొస్తున్నావ్? దొరగారి రథమేదీ?”

“దిగబడింది.”

“ఎక్కడ?”

“చిత్తడి దగ్గర.”

“అక్కడా? ఈ చిన్నదాంట్లో నిద్రపోతూ దాటేవాడివి కదయ్యా!”

“గ్లెనిస్, వాన వచ్చేస్తోంది. నాకు కుక్క కావాలి.”

“తీసుకుపో. నేనేమన్నా కట్టేశానా?”

“టాస్!” అని పిలిచాడు. అది లేచి, ఒళ్ళు దులుపుకుని, అటు తిరిగి పడుకున్నది.

“మీద ఉన్నదంతా అన్నావు,” అన్నది గ్లెనిస్. “బల్ల చరిచినప్పుడు అది మీదే ఉంది. నేను చూశా. నువ్వేమో ఆ పెద్దదాని తలుపులో నీ మొహం చూసుకుంటున్నావు.”

నెవిల్ మడమల బురద గీరుకున్నాడు. పిమ్మట మాలో ఎవరూ అడగకూడనిది అడిగాడు. “బండి వెనక్కిస్తావా?”

ఆమె కత్తి ప్రక్కన పెట్టింది. “ఇలాంటిది ఇంకోటి ఎక్కడైనా ఉంటే చూపించు, అప్పుడు మాట్లాడదాం. నేనూ తిరిగా, నీకంటే ముందే. నా మోకాళ్ళకందే బండి ఇప్పుడెవడూ చెయ్యట్లేదు. మీరంతా ఎగబడి ఆ ఏనుగుల్నే కొంటుంటే వాళ్ళెందుకు చేస్తారు? సర్లే, ఎక్కు. తిట్టడానికి రేపు కూడా ఉంది.”

అలవాటు చొప్పున నెవిల్ కుడితలుపు దగ్గరకు నడిచాడు.

“అది నాది. నువ్వటు,” అన్నది ఆమె.

ప్రక్కసీటులో కూర్చున్నవాడే గేట్లు తీయాలి, వేయాలి. మా దేశంలో దీనికి మినహాయింపు లేదు. తన పొలంలో, తన తాత నాటిన కంచెల నడుమ, ప్రతి గేటు దగ్గర నెవిల్ బ్రాకెన్ దిగాడు, గొలుసు విప్పాడు, బండి పోయాక మూశాడు. చివరి పొలంలో టాస్ ఆజ్ఞ కోసం ఆగలేదు. బల్లమీదనుండే మందను చూసుకుని, దూకి, పెద్ద వంపు తిరిగి, చెదిరిన గొర్రెలను దారపుండలా చుట్టి తెచ్చింది. దిగబడిన పెద్దబండిని ప్రక్కనుండి దాటేటప్పుడు దానిమీద అప్పుడే రెండు కాకటూలు కూర్చుని పని ప్రారంభించాయి. నెవిల్ బూటు విసరలేదు. బూటు, అతడు దూకినప్పటినుండీ, బురదలోనే ఉంది.

మొదటి చినుకులు రేకులమీద పడేసరికి మంద కప్పుక్రింద ఉంది. మరునాడు జట్టు వచ్చింది, ఉన్ని దక్కింది. పెద్దబండిని ఒక ట్రాక్టరు వచ్చి లాగింది. ఇప్పుడది వారానికొకసారి బ్రెడ్డు తేవడానికి వెళ్తుంది.

మంద కదలవలసిన రోజున మాత్రం గ్లెనిస్ తెల్ల యూట్ వచ్చి నెవిల్ ఇంటిముందు నిలుస్తుంది. అతడు ఎడమవైపు ఎక్కుతాడు. చివరి గేటు వద్ద అతడు గొలుసు తగిలించి తిరిగేసరికి ఆమె బండిని కొంచెం ముందుకు పోనిస్తుంది, అతడు పరుగెత్తుతాడు, ఆమె మరికొంచెం పోనిస్తుంది. అది మావాళ్ళ పాత పరిహాసం; ఒకప్పుడు అతడే అందరిమీదా చేసేవాడు. బల్లమీది కుక్క ఆ పరుగెత్తే మనిషి వంక చూడదు. దాని చూపు గొర్రెలమీద ఉంటుంది.