బస్టాండులో మా నడక

మా పక్కింటి మామ పోయాడు. పోయిన వారం తెల్లవారి అత్త కాఫీ తెచ్చి లేపితే లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. కబురు వినగానే నా చెయ్యి నా రొమ్ము మీదికి పోయింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయమే.

మా ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఆయనకు ముందొచ్చింది. ఖనిజం తోలే తన రెండు లారీల్లో ఒకటి ఆపరేషనుకు అమ్మేశాడు. తర్వాత నేను స్టెంటు వేయించుకుని, మంచం దిగడానికే వణుకుతుంటే వచ్చి కూర్చున్నాడు.

"ఒగ లారీ గుండెకు పాయె. రెండోది మిగలల్లంటే నడవల్ల. నడిచేదానికి దుడ్డు అడిగేవాళ్లు యాడుండారప్పా? లెయ్."

ఆయనా ధైర్యవంతుడేం కాదు. కాలువ గట్టు చల్లగా ఉంటుంది, అయినా అటు వచ్చేవాడు కాదు. "ఆడ పడితే ఎవురు చూస్తారు?" అనేవాడు. అందుకని మా ఊరు కురుగోడు బస్టాండులోనే ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాళ్లం, పెద్దాసుపత్రికి పోయే బళ్ళారి బస్సు కంటికి కనబడేటట్టు. కొత్త కండక్టర్లు మమ్మల్ని ప్రయాణికులనుకుని పిలిచేవాళ్లు.

నడిచినంతసేపూ నన్ను మాట్లాడమనేవాడు. ఆయాసంతో మాట తెగితే జోరు తగ్గించాలని డాక్టరు చెప్పాడట. నేను భయంతో మూగపోతే, "రాత్రి ఏం తింటివి, చెప్పు" అని తగులుకునేవాడు. ఊరగాయ అన్నానో, బస్టాండంతా వినేటట్టు తిట్లు. తాను మాత్రం మిరపకాయ బజ్జీల బండి దగ్గర గట్టిగా ఊపిరి పీల్చేవాడు. "వాసనలో ఉప్పుండదులే" అనేవాడు.

ఆయన పోయాక నేను గడప దాటలేదు. అత్తను పలకరించడానికి వెళ్లినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. "అన్నీ చేసినాడు గదత్తా, అయినా పాయె. ఇంక నేను నడిచి ఏం లాభం?"

అత్త కళ్లు తుడుచుకుంది. "గుండెనొప్పి మళ్లీ వస్తే కష్టమని డాక్టరు అప్పుడే చెప్పినాడు. ఇన్నేండ్లు దాన్ని రానీలేదు గదప్పా. మనవరాలికి సైకిలు నేర్పినాడు. లారీ చూడు, వాకిట్లోనే ఉండాది. రేపు పోతాండావా, లేదా?"

ఈ ఉదయం వెళ్లాను. పక్కన ఎవరూ లేరు. నాలుగడుగులు వేయగానే గుండె చప్పుడు చెవుల్లో వినబడింది. పడితే చూసే మనిషి లేడు. భయం తట్టుకోలేక పైకే మాట్లాడటం మొదలుపెట్టాను.

"రాత్రి జొన్నరొట్టె తిన్యా మామా. ఊరగాయ ముట్టలేదు."

కదలబోతున్న బళ్ళారి బస్సు మెట్టు మీద, మా ఇద్దరినీ రోజూ చూసిన పాత కండక్టరు నిలబడి ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు. నేను ఆ కొసకు పోయి తిరిగొచ్చేదాకా విజిలు ఆయన నోట్లోనే ఉంది, ఊదలేదు.