బాలరాజు మెడ మీది గడ్డ

మెడ మీద గడ్డకు ప్రార్థన నూనె ఒక్కటే రాసి ఊరుకుంటారా మీరు? పాస్టర్‌నైన నేను ఊరుకున్నాను. గోపన్‌పల్లిలో మా ప్రార్థనకు వచ్చే సెక్యూరిటీ గార్డు బాలరాజుకు రెండు నెలలు నూనె రాశాను. చివరికి దవాఖానకు తీసుకెళ్తే, అది లింఫోమా అనే క్యాన్సర్ అన్నారు డాక్టర్లు. ఏ రకమో తేలాలంటే గడ్డ ముక్కకు జన్యు పరీక్ష చేయాలన్నారు.

“వంశంల రోగమని రాస్తే నా బిడ్డనెవరు చేసుకుంటరు అయ్యగారూ?” అని అతని భార్య అడ్డుపడింది.

“వంశాన్ని కాదమ్మా, ఆ గడ్డ కణాల్లో వచ్చిన మార్పును చూస్తాం” అంది డాక్టరమ్మ. ఆ మాటతో ఆమె ఒప్పుకుంది.

ఈ రోజు రిపోర్టు వచ్చింది. రకం తేలింది, దానికి మందు ఉంది. “అయ్యగారూ, ఇగ నూనె సీసాకు మూత పెట్టుండ్రి, ప్రార్థన మాత్రం ఆపకుండ్రి” అని నవ్వాడు బాలరాజు. గంటన్నర ప్రసంగించే నేను ఆమెన్ అని సీసా మూత బిగించాను.

మీ మెడ తడిమి చూసుకోండి. తగ్గని గడ్డ ఉంటే ఇవాళే దవాఖానకు బయలుదేరండి. ప్రార్థన దారిలో చేసుకుందాం.