చెంపకు జానెడు దూరం

మా కొట్టులో కొత్తగా చేరిన అమ్మాయి చీర మడత విప్పి గాల్లోకి విదిలిస్తే గంజి వాసనతో పాటు చల్లగాలి ముఖానికి తగులుతుంది. కొనేవాళ్ళకు ఆ విదిలింపు ముచ్చటగా ఉంటుంది. నాకు మాత్రం గుండె ఝల్లుమంటుంది. బేరం సంగతి మరిచిపోయి, ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళలో ఎవరైనా చెంప పట్టుకున్నారేమోనని చూస్తాను. మహబూబాబాద్‌లో సొంత కొట్టు పెట్టుకొని ఇన్నేళ్ళయినా ఈ బెదురు పోలేదు. ఇది జనగామలో విజయక్క దగ్గర పనిచేసినప్పటిది.

విజయక్క ఆ బట్టల దుకాణం యజమానురాలు. కొంగు ఎడమ చెంప మీదికి లాక్కొని గల్లా దగ్గర కూర్చునేది. ఎండలు మండిపోతున్నా తన వైపు ఫ్యాన్ వేయనిచ్చేది కాదు. నవ్వేది కాదు, రెండు మాటల్లో బేరం తేల్చేసేది. ఊరంతా ఆమెకు టెక్కు అనుకునేది. చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు అన్నం తింటూ తింటూ ముద్ద వదిలేసి, కళ్ళు మూసుకొని బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. కాసేపటికి తేరుకొని, "ముఖంల నరం పిల్లా. కరెంటు కొట్టినట్టయితది. పండ్ల నొప్పేమోనని పండ్లు గూడ పీకిచ్చుకున్న. ఎవ్వలకు చెప్పకు" అంది. దాన్ని ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారని తర్వాత తెలిసింది. నమిలినా, మాట్లాడినా, గాలి తగిలినా చాలు, అది లేస్తుంది. అప్పటి నుంచి ఆమె నోరు తెరిస్తే నాకు భయం.

రేగొండ నుంచి ఒక అవ్వ, మనుమరాలు సరితతో చుట్టాల పెళ్ళికి వచ్చి చీర కొనడానికి మా దుకాణం ఎక్కింది. నేను గొప్పగా చీర విదిలించాను. ఆ గాలికే సరిత చెంప పట్టుకొని కుప్పకూలింది. విజయక్క గల్లా వదిలి పరుగున వచ్చి, పిల్లను ముట్టుకోకుండా పక్కన కూర్చుంది. మందులు పనిచేయడం లేదని, ఆపరేషన్ చేయాలన్నారని, తమకంత స్తోమత లేదని అవ్వ చెప్పింది. "నేను బతుక అవ్వా అంటున్నది బిడ్డా. పత్తి ఏరవోయినా ఎంబడి తోల్కపోతున్న. ఒక్కదాన్ని ఇడిశిపెట్టాలంటె బుగులైతుంది" అని ఏడ్చింది. ఎవరి గడపా తొక్కని విజయక్క మర్నాడే చందాలకు బయల్దేరింది.

ఇనుము కొట్టు సేటు ముఖం మీదే అడిగాడు: "దెబ్బ లేదు, పుండు లేదు. పంటి నొప్పికి చందాలేందక్కా?" బజారంతా అదే మాట. చివరికి విజయక్క వ్యాపారులందరినీ ఫంక్షన్ హాలుకు పిలిచి తానే మాట్లాడతానంది.

"నీకు గూడ ఉన్నదని చెప్పక్కా, నమ్ముతరు" అన్నాను.

"చెప్తే నా కోసమే అడుగుతున్న అనుకుంటరు. నువ్వు జర ఫ్యాన్ల కాడ ఉండు, చాలు."

ఫ్యాన్లన్నీ కట్టేసి స్విచ్చుల దగ్గర నిలబడ్డాను. "గాలి వెయ్యమ్మా, పానం పోతున్నది" అని సేటు కేకలేస్తుంటే చెవిటిదానిలా ఉండిపోయాను. విజయక్క పెదవులు సగమే కదుపుతూ సరిత గురించి చెబుతోంది. ప్రతి మాటకూ ఆమె చెంప వైపే చూస్తున్నాను. ఎలాగో ముగించింది. హమ్మయ్య అనుకునేలోగా అవ్వ వేదికెక్కి, "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అంటూ రెండు చేతులతో ఆమె చెంపలు నిమిరి, తన కణతల మీద మెటికలు విరుచుకుంది. ప్రేమతో దిష్టి తీసింది, పాపం ఆమెకేం తెలుసు? నేను అరిచేసరికే ఆలస్యమైంది. విజయక్క మోకాళ్ళ మీద కూలిపోయింది. ఆమె మూలుగు మైకులో హాలంతా వినిపించింది.

తేరుకున్నాక నేల మీద కూర్చునే, "గిదే. ఆ పిల్లకొచ్చేది గిదే. నాకు గూడ" అంది.

అవ్వ నెత్తి కొట్టుకుంది. "నా చేతులు ఇరిగిపోను!"

"ఇరగొద్దవ్వా. జర దూరంకెల్లి దిష్టి తియ్యి."

అవ్వ తన చేతుల్ని ఆమె చెంపకు జానెడు దూరంలో ఆపి, గాలిలోనే నిమిరి, మళ్ళీ మెటికలు విరుచుకుంది. నా పక్కకు ఎవరో వచ్చారని చూస్తే సేటు. ఫ్యాన్ వేయడానికి వచ్చినవాళ్ళను తానే వెనక్కి పంపుతున్నాడు. చందా ఆయనతోనే మొదలైంది. సరితకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు మక్కజొన్న కంకి కొరుక్కు తింటుందని అవ్వ మురిసిపోతుంది.

గుండె బలహీనంగా ఉందని విజయక్కకు ఆపరేషన్ కుదరదన్నారు. అయినా ఇలాంటి రోగుల చందాల కోసం భూపాలపల్లిలో, మహబూబాబాద్‌లో కొంగు పక్కకు తీసి మరీ మాట్లాడేది. నేను స్విచ్చుల దగ్గర నిలబడేదాన్ని. ప్రతిసారీ భయమే, బుగులే. పోయిన చలికాలంలో ఆ గుండె ఆగిపోయింది.

ఇంటి ముందు పడుకోబెట్టినప్పుడు అవ్వ, సరిత వచ్చారు. "ఇగ నొయ్యదు, ముట్టుకో అవ్వా" అన్నారెవరో. అవ్వ చేతులు చాచింది. జానెడు దూరంలో అవి ఆగిపోయాయి. నేనూ వంగాను. ఎన్నడూ తాకని ఆ చెంపను ఒక్కసారి నిమరాలని ఎంత అనిపించిందో! నా చేతులూ అక్కడే ఆగాయి.

కొత్తమ్మాయికి ఇప్పుడు చీర విదిలించకుండా, మడత తర్వాత మడత పరిచి చూపించడం నేర్పుతున్నాను. "గట్లయితె సోకు రాదక్కా" అని గునుస్తుంది.

"రాకున్నా మంచిదే. ముందల కూసున్నామెకు ఏమున్నదో మనకేం ఎరుక?" అంటాను.