మా మావిడంటు చిగుళ్లు ఎవరు తిన్నారంటే

నిన్న పక్కింటి దీదీ అన్న ఒక్క మాటతో ఈ జంగ్లీఘాట్‌లో నా పరువు కాస్తా పోయింది. ముందు టీ పొయ్యండి, చెప్తాను. కోపం కూడా రావట్లేదు, నీరసమే వస్తోంది.

మా అత్త ఈ దీవిలో మా దగ్గరే ఉంటోంది. భీమిలి దగ్గర వాళ్ల పెరట్లో మా మావ నాటిన మావిడిచెట్టు ఉంది. ఆ మధ్య తుపానుకి ఒరిగిపోయింది. "అది చచ్చిపోయేలోగా ఇక్కడో మొక్క చేసుకుందాం" అని మా ఆవిడ పార్వతి పట్టుపట్టింది. అంటు కట్టాలంటే ముందు కిందకి ఒక నాటు మొక్క కావాలి కదా. అబర్డీన్ బజార్లో పుల్లమావిడి కొని, తిని, టెంకలు పోగేశాను. పాలపొడి డబ్బాలకి చిల్లులు పొడిచి వాటిలో పాతాను. కొన్ని ఎలకలు తవ్వేశాయి, కొన్ని వానకి కుళ్లిపోయాయి. చివరికి ఒక్కటంటే ఒక్క మొక్క పెన్సిలంత లావయింది.

అప్పుడు పార్వతి వాళ్లన్నయ్య, అంటే మా బావ, ఆ చెట్టు కొమ్మలు తడిగుడ్డలో చుట్టుకుని షిప్పులో వచ్చాడు. నాటు మొక్క తల కోసి, కొమ్మ దూర్చి, ప్లాస్టిక్ కట్టు కట్టాడు.

"కట్టు కింద ఏ చిగురొచ్చినా గిల్లెయ్. అది పుల్లమావిడి. పైన వచ్చిందే మన చెట్టు" అన్నాడు వెళ్తూ.

"ఇంతేనా బావా?"

"ఇంతే. ఇందులో తప్పు చెయ్యడానికేటీ లేదు."

నేను షిప్పు ఇంజిన్ రూంలో పని చేస్తాను. అంటు కట్టాక నేను వెళ్లిన ట్రిప్పు మరమ్మతులతో బాగా ఆలస్యమైంది. ఇంటికొచ్చి చూస్తే మొక్కకి గుడ్డ కట్టి ఉంది. ప్లాస్టిక్ పాడైతే మార్చారేమో అనుకున్నాను. గుడ్డ కింద ఎర్రెర్రగా చిగుళ్లు. బావ చెప్పినట్టే గిల్లేశాను. షిప్పు రేవులోనే ఉంది కాబట్టి, ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే డ్యూటీకెళ్లే ముందు అదే పని.

కొన్నాళ్లకి పార్వతి గోల మొదలెట్టింది. "చిగురు రావడమే తడవు, ఏదో తినేస్తంది."

నత్తలే అనుకున్నాం. నేనే డబ్బా చుట్టూ సున్నం జల్లాను. నత్తల్ని బకెట్లోకి ఏరి దూరంగా పారబోసొచ్చాను. అయినా చిగుళ్లు పోతూనే ఉన్నాయి. అనుమానం పక్కింటి కోళ్ల మీదకి మళ్లింది. పాపం దీదీ కోళ్లని గంప కింద పెట్టేసింది. అయినా అంతే.

మీ కోడి మళ్లీ తినేసిందని నిన్న పార్వతి గోడ మీంచి అరిచింది, "దీదీ, ఆప్‌కా ముర్గీ ఫిర్ ఖా లియా!"

దీదీ గిన్నెలు తోముతూనే అంది: "ముర్గీ నహీ పార్వతీ. భయ్యా రోజ్ సుబహ్ తోడ్‌తే హై."

కోడి కాదు, రోజూ పొద్దున్నే తుంచేది మీ ఆయనేనని. పార్వతి నా వైపు తిరిగింది.

"కట్టు కిందవే తుంచాను. మీ అన్న చెప్పిందే చేశాను" అన్నాను ధైర్యంగా.

"ఏ కట్టు?"

గుడ్డ చూపించాను.

గుమ్మంలోంచి అత్త అంది, "అది దిష్టికి నేను కట్టిన గుడ్డ నాయనా. అతుకు పట్టిందని ఆ కట్టు పార్వతి ఎప్పుడో విప్పేసింది."

వంగి చూశాను. కొమ్మ కొసనున్న గుడ్డకి బెత్తెడు కింద అతుకు బొటనవేలిలా ఉబ్బి ఉంది. అంటే ఇన్నాళ్లూ నేను తుంచింది మా మావ చెట్టునే. కొమ్మని గోటితో గోకి చూశాను. లోపల పచ్చదనం లేదు.

అత్త గుమ్మం దిగొచ్చింది. ఆ గుడ్డ విప్పి, దులిపి, బొడ్లో దోపుకుని లోపలికెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఊళ్లో చెట్టు ఇంకా బతికే ఉందట. బావ మళ్లీ కొమ్మలు తెస్తాడట. నేను మళ్లీ పుల్లమావిడి తిని టెంకలు పాతాలి. పార్వతి ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది. అంటు కట్టిన రోజు నుంచి అది గట్టిపడేదాకా నేను నికోబార్ లైన్లో, ఇంటికి దూరంగా షిప్పు మీదే ఉండాలి.

ఇవాళ వెళ్లి మా ఆఫీసర్‌ని అడిగాను. ఎవరూ కోరని డ్యూటీ నీకెందుకయ్యా అన్నాడు.

"ఇంట్లో మొక్క బతకాలి సార్" అన్నాను.