కారం కంపెనీకి మూడో డైరెక్టర్

2023 ఎండాకాలం. హనుమకొండలో ఒక మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు నాది. నేను కంపెనీ సెక్రటరీని. అంటే ఎవరి దగ్గరో లెటర్లు టైపు చేసే పని కాదు. కొత్త కంపెనీలను రిజిస్టర్ చేయించి, వాటి కాగితాలు చట్టప్రకారం ఉండేలా చూడటం నా పని. ఈ ముక్క నా చుట్టాలకే ఇంకా ఎక్కలేదు.

ఆ మే నెలలో హసన్‌పర్తి నుంచి సంపత్, రమేష్ అనే అన్నదమ్ములు వచ్చారు. వాళ్లకు కారం పట్టే గిర్ని ఉంది. ఒక హోటళ్ల సంస్థ వాళ్ల కారం తీసుకుంటానంది కానీ, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడితేనే అని షరతు పెట్టింది. కంపెనీ ఇంకా పుట్టనే లేదు, ఇద్దరూ విజిటింగ్ కార్డులు కొట్టించుకొచ్చారు. రెండింటి మీదా ఎం.డి. అనే ఉంది.

"ఇద్దరు ఎండీలేంటయ్యా?" అన్నాను.

"నేను పెద్దోన్ని మేడం," అన్నాడు సంపత్.

"పార్టీలతోని మాట్లాడేది నేను," అన్నాడు రమేష్.

డైరెక్టర్ అంటే కంపెనీని నడిపే మనిషి, షేర్‌హోల్డర్ అంటే అందులో వాటా ఉన్న మనిషి, ఒక్కరే రెండూ కావచ్చు అని మూడుసార్లు చెప్పాను. అంతా విని రమేష్, "మరి ఓనర్ ఎవరు మేడం?" అన్నాడు.

పేరు దగ్గర ఇంకో పంచాయితీ. ఎవరి బిడ్డ పేరు వాళ్లకు కావాలి. పంపిన పేర్లు అప్పటికే ఉన్న కంపెనీల పేర్లలా ఉన్నాయని తిరిగొచ్చాయి. చివరికి ఒకటి ఖాయమైంది. అక్కడి నుంచి ఇరవై రోజుల్లో మిగతా కాగితాలన్నీ వేయాలి. అందులో రిజిస్టర్డ్ ఆఫీసు, అంటే కంపెనీ అధికారిక చిరునామా ఒకటి. గిర్ని షెడ్డే చిరునామా. దానికి కరెంటు బిల్లు, యజమాని ఒప్పుకుంటూ ఇచ్చే ఎన్.ఓ.సి. కావాలి. బిల్లు చూస్తే సుగుణ అనే పేరు మీద ఉంది.

"మా వదినె మేడం. పెద్దన్న పోయినంక షెడ్డు ఆమె పేరు మీదికొచ్చింది. సంతకం పెడ్తది, ఫికర్ చేయకున్రి," అన్నాడు సంపత్.

వారం గడిచింది. ఎప్పుడు ఫోన్ చేసినా రేపు అనే జవాబు. విసిగిపోయి నేనే స్కూటీ తీశాను.

షెడ్డులో సుగుణమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, మిరపకాయలు విరిచి చూస్తూ ఏ బస్తా ముందు పట్టాలో కూలీలకు చెబుతోంది. అన్నదమ్ములు పక్కన నిలబడ్డారు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి ఎన్.ఓ.సి. మొత్తం చదివింది.

"షెడ్డు నాదని రాసిన్రు. మంచిగున్నది. కంపెనీల నేనేడున్న మేడం?"

"నీకెందుకు వదినె గా పరేషాన్," అన్నాడు రమేష్.

"పొద్దుగాల్నుంచి గీ ఘాటుల ఉండుడు పరేషాన్ గాదా?"

నిజం చెప్పాలంటే నాకు ఆమె మీదే చిరాకేసింది. గడువు దగ్గర పడుతోంది. ఆమె మాత్రం తీరిగ్గా ఎం.ఓ.ఎ. అడిగింది. కంపెనీ ఏ వ్యాపారం చేస్తుందో, వాటాలు ఎవరివో చెప్పే పత్రం అది. వేలు పెట్టి ఒక్కో పేరా అర్థం చెప్పించుకుంది.

"ఈడ కారమొక్కటే ఉన్నది. మనం పసుపు పడ్తలేమా?"

ఆ పత్రాన్ని అన్నదమ్ములు చదవలేదు. గిర్నిలో ఏమేం పడతారని నేను అడగలేదు.

"షెడ్డు ఇయ్యనంటలేను," అంది ఆమె మెల్లగా. "నన్ను బయట నిలవెట్టి తీస్కపోకున్రి అంటాన."

సంపత్ నా వైపు తిరిగాడు. "అన్న పోయినంక గిర్ని ఆమెనే నడిపింది మేడం. ఆమె పేరు గూడ రాయున్రి," అన్నాడు. రమేష్ విసురుగా బయటికి వెళ్లిపోయాడు. షెడ్డు లేకపోతే కంపెనీ లేదని తెలిసొచ్చి, వారం తర్వాత వచ్చి ఒప్పుకున్నాడు.

అంతటితో అయిందా అంటే కాలేదు. ఆమె ఆధార్‌లో సుగుణమ్మ, పాన్‌లో సుగుణ. అది సరిచేయించడానికి గడువు పొడిగించమని మళ్లీ దరఖాస్తు. ఎం.ఓ.ఎ. మళ్లీ మొదటి నుంచి. చివరికి ముగ్గురు డైరెక్టర్లు, ముగ్గురికీ సమాన వాటాలతో కంపెనీ పుట్టింది. హోటళ్ల ఆర్డరూ దక్కింది.

అన్ని రోజులూ నేను వాళ్ల మీద విసుక్కున్నాను. కానీ గిర్నిని చూడకుండా గిర్ని కంపెనీ కాగితాలు రాసింది నేనే. ఇప్పుడు ఎవరొచ్చి కంపెనీ పెడతామన్నా వెంటనే ఫారం తెరవను. "మీ పని జరిగే చోట పొద్దున్నే తాళం తీసేదెవరు? ముందు వాళ్లను తీసుకురండి," అంటాను.